మామ మెడలో ఆదర్శ గొట్టం

మా మేనమామ అశ్వర్థప్ప చేసిన తప్పల్లా ఒకటే. ఆయన మెడలో వేసిన గొట్టం సరిగ్గా పడవలసిన చోట పడింది. ఏ పక్కకో కాస్త ఒరిగి ఉంటే ఆయన ఎప్పుడో ఇంటికి వచ్చి మల్బరీ తోటలో ఆకు కోసుకుంటూ ఉండేవాడు.

ఆకు కోస్తూనే ఈ సంబరమంతా తెచ్చుకున్నాడు. మా ఊళ్లో బతుకంతా పట్టుపురుగుల మీదే. కొత్తగా దించిన పురుగులకు ఆకు కోస్తుంటే కొడవలి జారి పిక్కకు తగిలింది. ‘‘పసుపు అద్దితే పాయె’’ అన్నాడు, అద్దాడు. పసుపు పోయింది గానీ పుండు పోలేదు. చీము రక్తంలో కలిసింది, ఒళ్లు పెనంలా కాలింది, బీపీ పాతాళానికి దిగింది. మనిషిని ఆకు మూట మాదిరి ఆటోలో వేసుకుని జిల్లా పెద్దాస్పత్రికి తెచ్చాను.

అక్కడ మత్తు డాక్టరమ్మ నస్రీన్ ఉంది. చూడగానే, ‘‘బీపీ నిలబెట్టే మందు చేతి నరానికి ఎక్కించడం మంచిది కాదు. మెడ దగ్గర పెద్ద సిరలోంచి గుండె దాకా గొట్టం పంపాలి’’ అంది.

‘‘గుండె దాకానా?’’ అన్నాను.

‘‘మీ ఊర్లో బోరు వేయించరా? అట్లే అనుకోండి. కాకపోతే నేను కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని చూడను, స్కాను మిషను పెట్టి చూస్తా’’ అంది ఆమె.

అన్నట్టే వేసింది. తర్వాత ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పెట్టి నాకు చూపించింది. గొట్టం కొస సరిగ్గా పెద్ద సిర పోయి గుండెలో కలిసే మొగదల ఆగింది, గడప దగ్గర చెప్పులు విడిచిన చుట్టం మాదిరి. మందు ఎక్కింది, బీపీ లేచింది, నాలుగు రోజులకల్లా మామ లేచి రాగిసంగటి అడిగాడు. సంగటి అడిగినాడంటే మనిషి బతికినట్టే. డాక్టరమ్మ కూడా అదే అంది. ‘‘ఇంక మెడలో దీనితో పనిలేదు. రేపు తీసేస్తా.’’

ఆ రేపే రాలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

‘‘రోగుల మెడలయందు అమర్చబడు కేంద్ర సిరా నాళికలు యావత్తూ సరైన స్థానమునందే ఉండవలెను. ఇందు నూటికి నూరు శాతం సాధించిన ఆస్పత్రికి ‘స్థాన రత్న’ పురస్కారం ప్రదానము చేయబడును. సాధించని యెడల సూపరింటెండెంటు గారి సంజాయిషీ కోరబడును.’’

ఉత్తర్వులో వంక పెట్టడానికేమీ లేదు. గొట్టం తప్పుదారి పడితే మనిషి ప్రాణానికే ముప్పు. అది రాసిన మహానుభావుడు మంచికే రాసి ఉంటాడు. అయితే ఏ విత్తనమైనా పడిన నేలను బట్టి మొలుస్తుంది. ఇది పోయి పోయి డాక్టర్ కోదండపాణి గారి టేబుల్ మీద పడింది. ఆయన ఆ ఆస్పత్రికి సూపరింటెండెంటు. ఒకప్పుడు రోగులను చూసేవాడట. పెద్ద కుర్చీలోకి వచ్చాక శాతాలను చూడటం మొదలుపెట్టి, అందులోనే ఎక్కువ గుణం కనపడేసరికి ఇంక వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన మా మామ మంచం చుట్టూ సమావేశం పెట్టాడు. పక్కన నాణ్యతాధికారి సత్యవ్రతం. ఈయన డాక్టరు కాదు, నర్సు కాదు. నాణ్యత అనే పదార్థం ఎక్కడుందో వెతికిపెట్టడం ఆయన ఉద్యోగం.

‘‘వైద్య మిత్రులారా! గొట్టం వేసినచో తప్పు పడే అవకాశం గలదు. వేయనిచో?’’ అన్నాడు కోదండపాణి.

‘‘రోగి పోయే అవకాశం ఉంది సార్’’ అంది నస్రీన్.

‘‘అది ఈ మహోద్యమ పరిధిలోనిది కాదమ్మా. స్థానం గురించి మాట్లాడండి.’’

స్థానం గురించి సత్యవ్రతం మాట్లాడాడు. వార్డులో ఇంకా కొందరి మెడల్లో గొట్టాలున్నాయి. ఒకటి తలవైపు తిరిగింది, ఒకటి చంక దిక్కు పోయింది, ఒకటి సరిగానే ఉంది గానీ ఎక్స్‌రే మసకగా వచ్చింది. వీళ్లందరినీ అంబులెన్సుల్లో పక్క జిల్లాకు సాగనంపాలి. కొత్తగా ఎవరికీ వేయకూడదు. అవసరమున్న రోగి వస్తే గేటు దగ్గరే బండి ముఖం తిప్పాలి. అప్పుడు మిగిలేది?

‘‘ఒకే ఒక్కటి’’ అంటూ కోదండపాణి మామ మెడ దిక్కు చెయ్యి చాపాడు. ‘‘ఒకటికి ఒకటి. నూటికి నూరు!’’

అందరూ చప్పట్లు కొట్టారు. మామ కూడా కొట్టాడు. పెద్దోళ్లు చప్పట్లు కొడుతుంటే ఊరకుంటే బాగుండదని.

చప్పట్లయ్యాక చేతులు జోడించి అడిగాడు. ‘‘సామీ, బాగైపోయినా కదా. ఈ గొట్టం పెరికేస్తే ఇంటికి పోతా. పురుగులు మూడో జొరంలో ఉండాయి.’’

‘‘పురుగులకు జ్వరమా?’’ అన్నాడు సత్యవ్రతం, రెండడుగులు వెనక్కి వేసి.

పట్టుపురుగు పెరిగేలోపల నాలుగుసార్లు పొర విడుస్తుంది. విడిచే ముందు ఆకు ముట్టకుండా తల పైకెత్తి మగతగా పడుంటుంది. దాన్నే మావాళ్లు జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇంక అగ్గి మాదిరి తింటుంది, వారంలో పండుతుంది. పండిన పూటే ఏరి చంద్రికల మీద, అంటే వెదురు తడకల మీద, వదలాలి. ఆ పూట దాటిందా, గూడు కట్టాల్సిన పట్టంతా దిక్కులేని చోట ఉమ్మేసి చస్తుంది. ఏరడానికి ఇంట్లో మా అత్త మారెక్క ఒక్కతే. ఇదంతా నేను విడమరిచి చెప్పాను.

కోదండపాణి సానుభూతిగా విన్నాడు. ‘‘మీ బాధ అర్థమైనది. కానీ ఆ గొట్టం తీసినచో మా వద్ద సున్నా గొట్టములు ఉండును. సున్నాలో సున్నా ఎంత?’’

నేను డిగ్రీలో లెక్కలు చదివినవాణ్ణే. ‘‘అది తేలదు సార్’’ అన్నాను.

‘‘చూశారా! దానికి శాతం లేదు. శాతం లేని ఆస్పత్రిని ఎవరైనా ఆస్పత్రి అందురా?’’ అన్నాడాయన. ‘‘తనిఖీ బృందం వచ్చి చూసి వెళ్లువరకు ఓపిక పట్టండి.’’

‘‘ఎప్పుడొస్తారు సార్?’’

‘‘త్వరలో’’ అన్నాడు. సర్కారీ భాషలో అంత భయంకరమైన మాట ఇంకొకటి లేదు.

ఆ రోజు నుంచి మా మామకు రాజభోగం మొదలైంది. మంచం చుట్టూ గుంజలు పాతినట్టు స్టాండ్లు నిలబెట్టి తాడు కట్టారు. తాడుకు ‘ఆదర్శ నాళిక – తాకరాదు’ అని బోర్డు వేలాడదీశారు. బయట వాచ్‌మన్. గొట్టంలోంచి మందులు ఎక్కించడం నిషేధం. వాడితే కదులుతుందట. మందులన్నీ చేతి నరానికే. మెడ తిప్పరాదు, గట్టిగా దగ్గరాదు, నవ్వరాదు. గడ్డం చేయడానికి వచ్చిన మంగలిని గుమ్మంలోనే ఆపేశారు. మా ఇద్దరి ఫోన్లూ గుంజుకున్నారు. మోగితే మామ తల తిప్పుతాడని.

రోజూ పొద్దున ఎక్స్‌రే బండి మంచం దగ్గరికే వచ్చేది. మొదటి ఫిల్ములో గొట్టం కొస ఎక్కడుందో, సరిగ్గా అక్కడే కొత్త ఫిల్ము మీద సత్యవ్రతం స్కేలు పెట్టి ఎర్రగీత గీసేవాడు. కొస గీత మీద ఉంటే, ‘‘స్థానభ్రంశం శూన్యం!’’ అని కేక వేసేవాడు. వార్డంతా ఊపిరి పీల్చుకునేది. మామ తప్ప. గట్టిగా ఊపిరి పీల్చడం కూడా ఆయనకు నిషేధమే.

‘‘అల్లుడా, మా నాయన బోరేసినప్పుడు నీళ్లు పడినాయని మోటారు దించి తోట పారగట్టినాడు. వీళ్లేందప్పా, నీళ్లు పడిన బోరు మీద మూతేసి పూజ చేస్తాండారు’’ అన్నాడు మామ.

‘‘రాత్రికి పారిపోదామా మామా?’’

‘‘ఈ గొట్టం యేసుకుని బస్సెక్కితే కండక్టరు లగేజి టికెట్టు కొట్టడూ?’’

మనమే పీకేసుకుంటే ఏమని నస్రీన్‌ను అడిగాను. ఆమె నిజంగానే భయపడింది. ‘‘అస్సలు వద్దు! కూర్చుని లాగితే ఆ కంతలోంచి గాలి గుండెలోకి పోతుంది. అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. తల కిందికి పెట్టి పడుకోబెట్టి పద్ధతిగా తీయాలి. నేను తీద్దామంటే, ఆస్పత్రి ఆస్తి ధ్వంసం చేసినట్టు కేసు పెడతామని సత్యవ్రతం గారు కాగితం పంపించారు.’’

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మామకు సన్మానం చేయాలని కోదండపాణి గారికి బుద్ధి పుట్టింది. శాలువా తెచ్చారు, కాళ్ల మీద కప్పారు. బారెడు చామంతి దండ తెచ్చారు. అప్పుడొచ్చింది చిక్కు. దండ మెడలో వేస్తే గొట్టానికి తగులుతుంది. అయిదుగురు పెద్ద డాక్టర్లు ఒక దండ పట్టుకుని ఆలోచించారు.

సత్యవ్రతమే దారి చూపించాడు. ‘‘మనం సన్మానిస్తున్నది వ్యక్తిని కాదు సార్, స్థానమును. కావున దండ ఎక్స్‌రేకు వేయుట సమంజసం.’’

అంతే. ఎక్స్‌రేకు అద్దాల పటం కట్టించి, ఆస్పత్రి ముందు వరండాలో, అడుగు పెట్టగానే కనపడేట్టు తగిలించారు. దానికి చామంతి దండ. పైన చిన్న ఎర్ర బల్బు. కింద పెద్ద అక్షరాల్లో ‘శ్రీ అశ్వర్థప్ప’ అని పేరు, ఆ కింద గొట్టం వేసిన తేదీ.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే మా అత్త మారెక్క ఊరి నుంచి దిగింది. ఫోను చేస్తే ఎత్తరు, మొగుడేమయ్యాడో తెలీదు. పురుగులను పక్కింటామెకు అప్పగించి బస్సెక్కింది. వరండాలో అడుగు పెట్టింది. మొగుడి పేరు, తేదీ, దండ, ఎర్ర బల్బు. పటంలో చూస్తే ముఖం కూడా లేదు, ఎముకలే మిగిలినాయి.

వార్డులో మేం సంగటి తింటుంటే వరండా వైపు నుంచి ఏడుపు వినిపించింది.

‘‘పాపం, ఎవురో పోయినారల్లుడా’’ అన్నాడు మామ ముద్ద ఆపి.

‘‘ఓ నా సామీ! డాక్టరు కాడికి పోవయ్యా అంటే పసుపు పూసుకుంటివే నా మొండి మొగుడా!’’

మామ చెవులు రిక్కించాడు. ‘‘గొంతు మన మారెక్క మాదిరే ఉండాదే.’’

‘‘తోటలో నీ అంత సన్నగా ఆకు తరిగేవాడు యాడున్నాడయ్యా! నా చేతి కూర ఉప్పెక్కువైనా ఒక్క మాట అనకుండా తింటివే నా బంగారూ!’’

నేను లేచాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ‘‘ఉండ్రా. ఇంకొంచెం విననీ. ఇన్నేండ్ల కాపురంలో ఈ మాటలు నాకు ఒక్కనాడూ చెప్పల్యా.’’

పరుగెత్తుకుంటూ పోయి అత్తను లోపలికి తీసుకొచ్చాను. మామను చూడగానే ఆమె ఏడుపు ఆగింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, ‘‘బతికుండి, సంగటి తింటా, నా ఏడుపు వింటాండావా?’’ అని మొదలుపెట్టింది. బంగారు మొగుడు ఒక్క నిమిషంలో ఇత్తడయ్యాడు. వాచ్‌మన్ కూడా తాడు వదిలేసి పక్కకు జరిగాడు.

తిట్లయినాక అసలు మాట చెప్పింది. ‘‘పురుగులు నాలుగో జొరం లేసినాయి. షెడ్డులో నిలబడితే వాన కురిసినట్టు నములుతాండాయి. నాలుగైదు దినాల్లో పండుతాయి. నేనొక్కదాన్నే ఎన్ని ఏరేది? నువ్వు రాకపోతే ఈ పంట గంగపాలే.’’ అంటూ మంచం మీద కూర్చోబోయి ఆయన చెయ్యి తాకింది. వెంటనే నుదురు తాకింది. ‘‘ఒళ్లు కాలుతాండాది! ఈ మెడ కాడ ఏందిది, ఎర్రగా?’’

ఆకుమూటలా ఆటోలో తెచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది. సంగటి పళ్లెం పక్కకు నెట్టి నస్రీన్‌ను పిలవడానికి పరుగెత్తాను.

నస్రీన్ వచ్చి చూసి పెదవి కొరుక్కుంది. నన్ను వెంటబెట్టుకుని తిన్నగా సూపరింటెండెంటు గదికి పోయింది.

‘‘సార్, గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ మొదలైంది. పనిలేని లైను మెడలో ఉంచితే జరిగేది ఇదే. ఇప్పుడే తీసేయాలి.’’

కోదండపాణి సత్యవ్రతం వైపు చూశాడు. సత్యవ్రతం ఉత్తర్వు తిరగేశాడు.

‘‘ఇందులో ఎరుపు గురించి ప్రస్తావన లేదు సార్. స్థానం మాత్రమే. ఇన్ఫెక్షన్ నివారణ మహోద్యమం వచ్చే సంవత్సరం.’’

‘‘అప్పుడు తప్పక చూచెదము’’ అన్నాడు కోదండపాణి. ‘‘అదియును గాక తనిఖీ బృందం రేపే వచ్చుచున్నది. ఈ ఒక్క రోజు.’’

‘‘రేపటితో అయిపోద్దా సార్?’’ అన్నాను.

‘‘బృందం మెచ్చినచో పై బృందం వచ్చును. వారు మెచ్చినచో ఢిల్లీ నుంచి...’’ ఆయన కళ్లు దూరంగా ఎక్కడో చూస్తున్నాయి. అక్కడ మా మామ లేడు.

బయటికొచ్చాక నస్రీన్ గోడకు ఆనుకుని నిలబడింది. ‘‘వీళ్ల ఎర్రగీత ఒక భ్రమండీ. మనిషి చెక్కబొమ్మా? పడుకుంటే కొస ఒకచోట ఉంటుంది. లేచి కూర్చుని నిండా ఊపిరి పీలిస్తే రెండు వేళ్లంత పైకి జరుగుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు. వీళ్ల గీత మాత్రం దాటుతుంది.’’

ఆమె మామూలుగానే చెప్పింది. నేను మామూలుగానే పోయి మామ చెవిలో వేశాను.

మామ రెండు వేళ్లు ఆనించి మెడ కాడ కొలిచి చూసుకున్నాడు. తర్వాత, ‘‘రేపు పెద్దోళ్లు వస్తారంటివి కదూ?’’ అన్నాడు.

‘‘అవును.’’

‘‘పెద్దోళ్లు వస్తే పండుకోనుంటే మర్యాదనా అల్లుడా?’’

మర్నాడు ఆస్పత్రి పెళ్లివారిల్లు. గేటుకు అరటిపిలకలు, వరండాలో ముగ్గు, పటానికి కొత్త దండ. బృందం కార్లు టోల్‌గేటు దాటాయని కబురొచ్చింది. వాళ్ల చేతికి ఆ పూట తీసిన తాజా ఫిల్మే ఇవ్వాలని నియమం. ఎక్స్‌రే బండి మంచం దగ్గరికి వచ్చింది. కోదండపాణి కొత్త కోటు వేసుకుని స్వయంగా వచ్చాడు. సత్యవ్రతం పలక చేతబట్టుకుని, అందరినీ దూరం జరిపాడు.

మామ లేచి నిటారుగా కూర్చున్నాడు. ఛాతీ విరిచి, మెడ నిక్కించి, రెండు చేతులూ జోడించాడు.

‘‘పడుకోవయ్యా!’’ అన్నాడు సత్యవ్రతం.

‘‘ఎంత మాట సామీ! మా సూపర్‌డెంటు సారు కొత్త కోటేసుకుని ఎదురుగా నిలబడింటే నేను కాళ్లు చాపుకుని పండుకుంటానా? మా వంశంలో అట్లాంటోడు పుట్టలా.’’

కోదండపాణి ముఖం విచ్చుకుంది. ‘‘సంస్కారం! కూర్చోనివ్వండి. ఫిల్ములో నమస్కారం కూడా పడితే బృందానికి నచ్చును.’’

పలక వీపుకు ఆనించగానే మామ నిండా ఊపిరి పీల్చాడు. ఇన్నాళ్లూ పీల్చకుండా మిగుల్చుకున్న ఊపిరంతా పీల్చాడు. బండి ‘టక్’ మంది.

ఫిల్ము వచ్చింది. సత్యవ్రతం స్కేలు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. ఆ మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

‘‘సార్... గీత దాటింది.’’

‘‘ఎంత?’’

‘‘రెండు వేళ్లు. పైకి పోయింది సార్.’’

కోదండపాణి స్టాండుకు కట్టిన తాడు పట్టుకున్నాడు. ఒకటికి ఒకటి తప్పు. నూటికి సున్నా. మళ్లీ తీయండి అన్నాడు. తీసే తీరికెక్కడిది? గేటు బయట సైరను వినపడుతోంది. ఆయన జీవితంలో మొదటిసారి ఒక రోగి విషయంలో వెంటనే నిర్ణయం తీసుకున్నాడు.

‘‘తీసేయండి! వెంటనే తీసేయండి! ఈ మెడ మన ఆస్పత్రిది కాదు!’’

నస్రీన్ చేతి తొడుగులు అప్పటికే వేసుకుని ఉంది. మామను తల కిందుగా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని, గొట్టం ఒక్క తీరున లాగేసి కంత మీద గట్టిగా అదిమి పట్టింది. ఆ అదిమిన చెయ్యి వాచ్‌మన్ తొందరపెట్టినా, సత్యవ్రతం కాళ్లావేళ్లా పడినా, రక్తం ఆగేదాకా వదల్లేదు. కట్టు కట్టి, ఇంజెక్షను పొడిచి, మాత్రలు చేతిలో పెట్టింది. ‘‘ఒళ్లు మళ్లీ కాలితే ఆలస్యం చేయొద్దు. పసుపు వద్దు. ఇక్కడికి అసలే వద్దు. పక్క జిల్లాకు పోండి.’’

మామ ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. ‘‘తల్లీ, నువ్వేసిన బోరు మంచి బోరే. ఊరోళ్లే సరిలేరు.’’

ముందు వాకిట్లో బృందం దిగుతోంది గనక మా ఫోన్లు చేతికిచ్చి మమ్మల్ని వెనక దారిన, శవాల గది పక్కనుంచి, బయటికి పంపించారు.

లోపల జరిగింది తర్వాత నస్రీనే ఫోనులో చెప్పింది. బృందం పెద్ద, ‘‘మీ వద్ద తప్పు స్థానంలో ఉన్న నాళికలు ఎన్ని?’’ అని అడిగాడట. ‘‘ఒక్కటీ లేదు సార్’’ అన్నాడట కోదండపాణి. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పదగిన నిజం. సరైన స్థానంలో ఉన్నవి ఎన్ని అని అడగడం ఉత్తర్వులో లేదు. స్థాన రత్న అక్కడికక్కడే ప్రకటించారు. కార్లు కదలీకదలకముందే పురిటి నొప్పుల్లో బీపీ పడిపోయిన పిల్లను తీసుకుని అంబులెన్సు వచ్చిందట. నూరు శాతం చేతికొచ్చేసింది గనక ఆ సాయంత్రానికి గేటు దగ్గర బండి ముఖం తిప్పేవాళ్లు ఎవరూ లేరు. నస్రీన్ ఎవరినీ అడక్కుండా గొట్టం వేసింది. ఆ పడుచు బతికింది. మందు ఎక్కి ఆమె కళ్లు తెరిచాకే ఎక్స్‌రేకు ఎర్రగీత గీయడానికి సత్యవ్రతాన్ని పిలిచిందట.

మామకు రెండు దినాల్లో ఎరుపు తగ్గింది. మూడో నాడు పురుగులు పండాయి. ఒళ్లు మిలమిలలాడుతూ తల పైకెత్తి ఊగుతున్నాయి. షెడ్డులో ముగ్గురం కూర్చుని ఏరి ఏరి చంద్రికల మీద వదులుతున్నాం. ఒక పురుగు నా చేతిలోంచి జారి, తడక దిగి, గుంజ మూల చేరి అక్కడే దారం తీయడం మొదలుపెట్టింది.

‘‘మామా, ఇది తప్పు చోట కట్టుకుంటాంది.’’

‘‘పురుగును వదిలేయ్‌రా. గూడు కట్టిందా లేదా, అది చూడు’’ అన్నాడు మామ.

అప్పుడే ఆయన ఫోను మోగింది. స్పీకరు పెట్టాను. కోదండపాణి గారి గొంతు తేనెలో ముంచినట్టుంది.

‘‘అశ్వర్థప్ప గారూ, వచ్చే నెల పై బృందం వస్తున్నారు. ఎన్ని మెడలు చూసినా మీ మెడ వంటి మెడ దొరకలేదు. కారు పంపిస్తాను. నాలుగు రోజులు వచ్చి ఉండాలి.’’

మా అత్త చేటలో పురుగులు పక్కన పెట్టి నోరు తెరిచింది. మామ చెయ్యెత్తి ఆపాడు. చంద్రిక మీద ఒక పురుగును నెమ్మదిగా వదిలి, ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

‘‘యాడ వచ్చేది సామీ? నేను సచ్చిపోయినా కదా. మీ వరండాలో నా పటానికి దండ కూడా ఏసినారు, పోయి చూసుకోండి.’’